తొండ వృషణం స్లైడులో శుక్రకణాలు కనిపించకపోతే స్లైడు పాడైనట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఎమ్మెస్సీ జువాలజీ రికార్డు కోసం డిపార్ట్‌మెంటు పెట్టెలోంచి ‘తొండ వృషణం, అడ్డుకోత’ అని రాసున్న పాత స్లైడు తీశారు. పుస్తకంలోని ఎలుక వృషణం బొమ్మ పక్కన పెట్టుకుని చూశారు. బొమ్మలో నాళిక (శుక్రకణాలు తయారయ్యే సన్నటి గొట్టం) అంచు నుంచి మధ్య వరకు అన్ని దశల కణాలూ ఉన్నాయి, మధ్యలో తోకలున్న శుక్రకణాలూ ఉన్నాయి. మీ స్లైడులో మాత్రం ఏ నాళిక చూసినా ఒకటే తీరు. అంచున కొన్ని కణాలు, వాటి మీద రెండు మూడు వరసల పెద్ద గుండ్రటి కణాలు, అంతే. తోక అన్నది ఒక్కటీ లేదు. ‘స్లైడు పాడైందా, లేక నాకు చూడటం రావట్లేదా’ అని అడిగారు.

రెండూ కాదు. మీరు చూసింది సరిగ్గానే చూశారు. పక్కన పెట్టుకున్న బొమ్మే మీ స్లైడుకు సరిపడేది కాదు.

ఈ తప్పు నేనూ చేశాను. చదువుకునే రోజుల్లో ఇలాంటి స్లైడే చూసి, అందులో లేని శుక్రకణాలను పుస్తకం చూసి రికార్డులో అందంగా గీశాను. ప్రాక్టికల్స్‌కు వచ్చిన ఎగ్జామినర్ మైక్రోస్కోపులో కన్ను పెట్టి, తీసి, నా బొమ్మ చూసి, ‘ఏదమ్మా, ఈ తోకలు ఎక్కడున్నాయో నాకూ చూపించు’ అన్నారు. చూపించడానికి ఏముంది? తర్వాత ముప్ఫై ఏళ్లు హిస్టాలజీ (కణజాలాల) స్లైడ్లు చేయడం, చేయించడమే నా పని అయింది కానీ ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. అందుకే ఈ జవాబు కాస్త పొడవుగా రాస్తున్నాను.

ముందు ఎలుక సంగతి చూద్దాం. ఎలుక వృషణంలో శుక్రకణాల తయారీ ఏడాది పొడవునా ఆగదు. నాళిక గోడలో ఏదైనా ఒక చోటు తీసుకుంటే, అక్కడ దాదాపు 12.9 రోజులకు ఒకసారి కొత్త జట్టు కణాలు బయలుదేరుతాయి. ఒక జట్టు పూర్తిగా తయారవడానికి యాభై రోజులు దాటుతుంది కాబట్టి మొదటి జట్టు పని ముగిసేలోపే దాని వెనకాల మరో మూడు నాలుగు జట్లు బయలుదేరి ఉంటాయి. అందువల్ల ఫలానా వయసు స్పెర్మటిడ్ (విభజనలన్నీ అయిపోయి శుక్రకణంగా మారుతున్న కణం) పక్కన ఎప్పుడూ ఫలానా వయసు స్పెర్మటోసైటే (విభజనలో ఉన్న, దానికంటే ముందు దశ కణం) ఉంటుంది. ఆ జోడీ మారదు. లెబ్లాండ్, క్లెర్మాంట్ అనే పరిశోధకులు 1952లో ఎలుకలో ఇలాంటి జోడీలను 14 స్టేజీలుగా విడదీశారు. మీ పుస్తకంలోని బొమ్మకు మూలం ఆ పనే. ఒక్క అడ్డుకోతలో పక్కపక్క నాళికలు వేర్వేరు స్టేజీల్లో కనిపిస్తాయి కాబట్టి ఒక్క స్లైడుతోనే కథంతా చదువుకోవచ్చు.

కప్ప దారి వేరు. కప్ప వృషణంలో సర్టోలి కణాలు (పెరుగుతున్న కణాలను సాకే కణాలు) గోడ కట్టి చిన్న చిన్న మూటలు తయారు చేస్తాయి. ఒక్కో మూటలో ఒకే వయసు కణాలు ఉంటాయి. అవన్నీ కలిసే పెరిగి, కలిసే శుక్రకణాలై, మూట పగిలి బయటపడతాయి.

మరి తొండ, బల్లి, పాము, తాబేలు, మొసలి? వీటి వృషణం కట్టుబడి చూస్తే ఎలుక లాంటిదే. మూటలు ఉండవు. నాళిక ఉంటుంది, దాని చుట్టూ పలుచటి ఆధార పొర ఉంటుంది. ఆ పొర మీద నిలబడి మధ్య వరకు సాగిన సర్టోలి కణాలు ఉంటాయి, వాటి సందుల్లో శుక్రకణాలయ్యే కణాలు వరసలుగా ఉంటాయి. నాళికల మధ్య ఖాళీల్లో టెస్టోస్టిరాన్ చేసే లీడిగ్ కణాలు, రక్తనాళాలు. పాఠ్యపుస్తకాలు ఇక్కడిదాకా చెప్పి ‘సరీసృపాల్లో శుక్రజననం క్షీరదాల్లో లాగే’ అని ఒక వాక్యంతో ముగిస్తాయి. ఆ వాక్యమే మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

కట్టుబడి ఎలుకది, నడక కప్పది. దీన్ని పద్ధతిగా చూపించినవారు అమెరికాలోని పరిశోధకులు గ్రిబిన్స్, గిస్ట్. వాళ్లు 2003లో యూరప్ గోడబల్లి పొడార్సిస్ మ్యూరాలిస్ వృషణాన్ని నెలనెలా పరిశీలించి వివరాలు ప్రచురించారు. (ఆ బల్లి అమెరికాకు చేరిన కథ కూడా సరదాగా ఉంటుంది. 1950ల మొదట్లో ఒక కుర్రాడు ఇటలీ నుంచి ఓ పది బల్లుల్ని సిన్సినాటికి తెచ్చి పెరట్లో వదిలాడని, ఇప్పుడు నగరంలోని రాతిగోడల మీద కనిపించేవన్నీ వాటి సంతానమేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.) తర్వాత తాబేలు, అమెరికన్ ఆలిగేటర్, కాటన్‌మౌత్ అనే విషపు పాము, ఇలా ఒక్కొక్కదాన్నీ గ్రిబిన్స్ తన బృందాలతో చూసుకుంటూ వచ్చారు. అన్నింట్లోనూ తేలింది ఒకటే. నాళిక గోడలో రెండు మూడు వయసుల కణాలు ఒకేసారి ఉండొచ్చు కానీ ఎలుకలో లాంటి మారని జోడీలు లేవు, నాళిక వెంట ఒక స్టేజీ తర్వాత మరొకటిగా సాగే అలలు లేవు. వృషణమంతా దాదాపు ఒక్క జట్టుగా రుతువుతోపాటు ముందుకు జరుగుతుంది. నెల మారితే దశ మారుతుంది.

క్లాసులో నేనిది ఇలా చెప్పేవాణ్ని. ఎలుక వృషణం పెరట్లో ఆకుకూరల మడి. ఒక మూల మొలక, ఒక మూల లేత ఆకు, ఒక మూల కోతకొచ్చినది. ఏ రోజు వెళ్లినా అన్నీ కనిపిస్తాయి. తొండ వృషణం వరిచేను. ఊడ్పులప్పుడు వెళితే చేనంతా నాట్లే, కార్తీకంలో వెళితే చేనంతా కంకులే, కోతలయ్యాక వెళితే కొయ్యకాళ్లే. మీరు చేను పొట్ట మీదున్నప్పుడు వెళ్లి కంకులేవీ అని అడుగుతున్నారు.

కాబట్టి సరీసృపం స్లైడుకు మొదట వేయాల్సిన ప్రశ్న ‘ఏ నెల జంతువు’ అన్నది. మన పాత స్లైడ్ల మీద ఆ ఒక్క సమాచారమే ఉండదు. జంతువు పేరు, రంగు పేరు ఉంటాయి, పట్టుకున్న తేదీ ఉండదు. ఇప్పుడు మళ్లీ చేసుకునే వీలూ లేదు. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జువాలజీలో డిసెక్షన్లు ఆపమన్నాక ఉన్న పెట్టెలతోనే సరిపెట్టుకోవాలి. దయచేసి రికార్డు కోసం బయటికెళ్లి తొండను పట్టుకోకండి.

తేదీ లేకపోయినా కణాలను చదవడం వస్తే నెలను అంచనా వేయొచ్చు. అంచు నుంచి మొదలుపెడదాం.

ఆధార పొరను ఆనుకుని ఉండేవి స్పెర్మటోగోనియా, అంటే శుక్రకణాలకు మూలమైన కణాలు. ‘ఎ’ రకం కేంద్రకం కోడిగుడ్డు ఆకారంలో పాలిపోయినట్టు ఉంటుంది, లోపల కేంద్రకాంశం (న్యూక్లియోలస్) స్పష్టంగా కనిపిస్తుంది. ఏడాదిలో ఎప్పుడు చూసినా ఇవి ఉంటాయి. విత్తనం గింజలన్నమాట, చేను ఎండినా ఇవి పోవు. ‘బి’ రకం కేంద్రకం గుండ్రంగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. ఇవి విభజన చెంది ప్రీలెప్టోటీన్ కణాలవుతాయి. అంచు వరసలో అన్నిటికంటే చిన్నగా, నల్లగా, కేంద్రకాంశం లేకుండా కనిపిస్తే అవే. ఇవి ఎక్కువగా కనిపించాయంటే క్షయకరణ విభజనకు, అంటే క్రోమోజోములను సగానికి తగ్గించే విభజనకు, తలుపు తెరిచినట్టు లెక్క.

సర్టోలి కణాన్ని వీటితో కలిపేసుకోకండి. దాని కేంద్రకం మూడు మూలల ఆకారంలోనో, వంకరగానో ఉంటుంది, క్రొమాటిన్ (డీఎన్ఏ, ప్రోటీన్లు కలిసిన పదార్థం) లేతగా ఉంటుంది, నడుమ కేంద్రకాంశం ఒక చుక్కలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1865లో ఎన్రికో సర్టోలి ఈ కణాలను మనిషి వృషణంలో వర్ణించాడు. తొండలోనూ వాటి పని అదే. పెరుగుతున్న కణాలకు తిండి పెట్టడం, పైకి జరపడం, చివర్లో మిగిలిన చెత్త మింగడం.

ఇక మీరు చూసిన ‘పెద్ద గుండ్రటి కణాలు’. అవి ప్రైమరీ స్పెర్మటోసైట్లు. నూనె లెన్సు పెట్టి కేంద్రకాల్లోకి చూడండి. లెప్టోటీన్‌లో క్రొమాటిన్ సన్నటి దారాల ముద్దలా ఉంటుంది. జైగోటీన్‌లో జత క్రోమోజోములు ఒకదానికొకటి అంటుకుంటూ దారాలు కాస్త లావెక్కుతాయి. పాకిటీన్‌లో పేనిన తాళ్లలా దిట్టంగా కనిపిస్తాయి. కేంద్రకం కూడా బాగా ఉబ్బుతుంది. మొత్తం వరసలో అన్నిటికంటే పెద్ద కేంద్రకం ఇక్కడిదే. క్షయకరణ విభజనలో ఎక్కువ కాలం గడిచేది కూడా ఈ దశలోనే, అందుకే స్లైడులో ఎక్కువ సంఖ్యలో దొరుకుతుంది. మీ స్లైడు నిండా ఉన్నవి పాకిటీన్ కణాలేనని నా అనుమానం. వాటి మధ్య ఎక్కడైనా కేంద్రక పొర కరిగిపోయి, క్రోమోజోములు నల్లటి కడ్డీలా ఒక గీత మీద నిలబడి ఉంటే అది మొదటి మెటాఫేజ్. అలాంటివి అరడజను దొరికినా స్పెర్మటిడ్లు త్వరలో రాబోతున్నాయని చెప్పొచ్చు.

మన తొండ, అంటే కలోటిస్ వెర్సికలర్‌కు క్రోమోజోములు 34. పన్నెండు పెద్దవి, ఇరవై రెండు అతి చిన్నవి. వృషణ కణాలను స్లైడు మీద చిదిమి పరిచినప్పుడు ఆరు పెద్ద జతలు, చుట్టూ చుక్కల్లా పదకొండు చిట్టి జతలు కనిపిస్తాయి. కోత స్లైడులో ఇది లెక్కపెట్టలేరు, ప్రయత్నించి కళ్లు నొప్పి తెచ్చుకోకండి.

మొదటి విభజన తర్వాత వచ్చే సెకండరీ స్పెర్మటోసైట్లు స్లైడులో దొరకడం అదృష్టమే. వాటి బతుకు చాలా తక్కువసేపు, వెంటనే రెండో విభజనలోకి వెళ్లిపోతాయి. అక్కడి నుంచి వచ్చేవే స్పెర్మటిడ్లు, ఒక్కొక్కదానిలో 17 క్రోమోజోములు. ఇకమీదట విభజన అన్నది లేదు. గుండ్రటి కణం సూదిలా మారడమొక్కటే మిగిలింది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో చూడముచ్చటైన భాగం ఇదే. మీ స్లైడులో లేకపోయినా తెలుసుకుని ఉండండి. వైవాలో అడిగేదీ ఇక్కడే.

గుండ్రటి స్పెర్మటిడ్‌లో గాల్జీ (కణంలోని పొరల సంచులు) నుంచి చిన్న చిన్న బుడగలు ఊడివచ్చి, కలిసిపోయి, ఒక పెద్ద బుడగ అవుతాయి. అది కేంద్రకం మీదకు వచ్చి కూర్చుంటుంది. కూర్చున్నచోట కేంద్రకం లోపలికి నొక్కుకుపోతుంది, మెత్తటి దిండు మీద బంతి పెట్టినట్టు. బుడగ లోపల ఒక ముదురు గింజ ఏర్పడుతుంది, తొండలు, పాముల్లో ఆ గింజ బుడగ అడుగుకు, అంటే కేంద్రకం వైపుకు చేరుతుంది. ఇదే ఏక్రోసోమ్, అండం పొరలను కరిగించే ఎంజైములుండే సంచి. ఇందులో గ్లైకోప్రోటీన్లు ఎక్కువ కాబట్టి పీఏఎస్ రంగు వేస్తే ముదురు గులాబీ రంగు పడుతుంది. మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్ స్లైడులో మాత్రం ఖాళీ బుడగలాగే కనిపించి మోసం చేస్తుంది. చాలామంది దాన్ని ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా రసాయనంలో నిలపడం) లోపం అనుకుంటారు.

తర్వాత బుడగ చప్పబడి కేంద్రకం మీద టోపీలా పరుచుకుంటుంది. కేంద్రకం కణం అంచుకు జరుగుతుంది. అప్పుడు సాగడం మొదలవుతుంది. కేంద్రకం చుట్టూ మైక్రోట్యూబ్యూళ్లు (అతి సన్నటి ప్రోటీన్ గొట్టాలు) ఒక అల్లిక కడతాయి, దాన్ని మాంచెట్ అంటారు. కొన్ని గొట్టాలు కేంద్రకానికి అడ్డంగా చుట్టుకుంటే కొన్ని నిలువుగా సాగుతాయి. సరీసృపాల్లో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. అదే సమయంలో లోపల డీఎన్‌ఏ పట్టుకుని ఉన్న హిస్టోన్లు తప్పుకుని వాటి చోట ప్రొటమైన్ల లాంటి క్షార ప్రోటీన్లు చేరతాయి. క్రొమాటిన్ మొదట గింజగింజలుగా, తర్వాత లావుపాటి పోగులుగా, ఆ పోగులు మెలితిరిగి దగ్గరపడి, చివరకు సందు లేని నల్లటి ముద్దగా మారుతుంది. వదులుగా ఉన్న దూది పేని వత్తి చేసినట్టే. వంకర తిరిగిన సన్నటి కేంద్రకాలు కట్టలు కట్టి, తలలు సర్టోలి కణాల వైపు, తోకలు మధ్య ఖాళీ వైపు పెట్టుకుని నిలబడి ఉంటే అది సాగే దశ. లైట్ మైక్రోస్కోపులో కనిపించే తేడాలను బట్టి ఈ మార్పు మొత్తాన్ని ఏడో ఎనిమిదో మెట్లుగా విడదీస్తారు. ఎన్ని మెట్లన్నది జాతిని బట్టి, చూసేవారిని బట్టి కాస్త మారుతుంది, ఆ అంకెను బట్టీ పట్టకండి.

తోక సంగతికొస్తే, రెండు సెంట్రియోళ్లలో దూరపుదాని నుంచి తొమ్మిది జతలు, నడుమ ఒక జతగా మైక్రోట్యూబ్యూళ్ల కాడ మొలుస్తుంది. మైటోకాండ్రియాలు దాని చుట్టూ చేరి మధ్యభాగం ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర సరీసృపాలు ఒకదానికొకటి చాలా దూరమని తెలిసేది ఇక్కడే. తొండలు, బల్లులు, పాముల శుక్రకణంలో మైటోకాండ్రియాల మధ్య నల్లటి దట్టమైన ముద్దలుంటాయి. తోక చుట్టూ ఉండే పీచు తొడుగు మనలో మధ్యభాగం అయ్యాక మొదలవుతుంది. వీటిలో మాత్రం మధ్యభాగం లోపలికే చొచ్చుకొస్తుంది. ఇది ఈ వర్గానికి సొంతమైన గుర్తు. కాడ చుట్టూ ఉండే తొమ్మిది దళసరి పోగుల్లో 3వది, 8వది మిగతావాటికంటే లావు. పాముల్లోనైతే మధ్యభాగం మరీ పొడవు, దానికి తోడు పొరల మీద పొరలుగా చుట్టుకున్న ప్రత్యేక కవచం ఉంటుంది.

తల ముందుభాగంలోనూ తేడా ఉంది. తొండలు, పాముల్లో ఏక్రోసోమ్ కింద పెర్ఫరేటోరియం అనే పుల్ల ఒక్కటే కేంద్రకానికి ముందు నిలబడి ఉంటుంది. తాబేళ్లలో, మొసళ్లలో, న్యూజిలాండ్‌లో మిగిలిన టుయటారా అనే సరీసృపంలో అలాంటి పుల్లలు కేంద్రకంలోకి దిగి ఉంటాయి, వాటికోసం కేంద్రకంలో సొరంగాలే ఉంటాయి. వీటిలో దూరపు సెంట్రియోల్ మధ్యభాగం పొడవునా సాగి ఉంటుంది కూడా. తాబేలు, టుయటారా మైటోకాండ్రియాలను అడ్డంగా కోస్తే ఉల్లిపాయ చక్రంలా పొర లోపల పొర కనిపిస్తుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్యారీ జేమీసన్ ఇలాంటి గుర్తులను ఒక్కొక్కటిగా పోగుచేసి, శుక్రకణం బొమ్మతో ఏ వర్గం దేనికి చుట్టమో చెప్పవచ్చని చూపించారు. టుయటారా చూడటానికి తొండలాగే ఉంటుంది, శుక్రకణం మాత్రం పాతకాలపు పద్ధతిది. నాకైతే ఎముకల పాఠం కంటే ఇదే నమ్మకంగా అనిపిస్తుంది, ఎముకలవాళ్లు కోప్పడినా సరే.

చివరి మెట్టులో స్పెర్మటిడ్ తనకు అక్కర్లేని సైటోప్లాజమ్‌ను ఒక ముద్దగా వదిలేసి నాళిక మధ్యలోకి జారుతుంది. ఆ ముద్దల్ని సర్టోలి కణాలు మింగేస్తాయి. వృషణం నుంచి బయటపడ్డ శుక్రకణాలు వృషణం పక్కనే చుట్టలు తిరిగిన గొట్టమైన ఎపిడిడిమిస్‌లోకి, అక్కడి నుంచి శుక్రవాహికలోకి వెళతాయి.

ఇప్పుడు కాలం సంగతి. మన తొండ మే నుంచి అక్టోబరు దాకా గుడ్లు పెట్టే జీవి. వేసవి చివర, తొలకరి వేళల్లో కంచెల మీద గొంతు ఎర్రగా చేసుకుని తల ఊపే మగ తొండను చూసే ఉంటారు. ‘రక్తం పీలుస్తోంది’ అని పిల్లలు బొడ్డు మూసుకుని పరిగెత్తేది, పాపం రాళ్లతో కొట్టేదీ దాన్నే. ఆ రోజుల్లో దాని వృషణం ఉబ్బి, నాళికలు శుక్రకణాలతో నిండి ఉంటాయి. చలికాలానికి ముడుచుకుపోతుంది. శుక్రకణాల తయారీ, జతకట్టడం ఒకే రుతువులో జరిగే పద్ధతి ఇది. ఆలిగేటర్ కూడా అంతే, వసంతంలోనే రెండు పనులూ.

అందరూ ఇలా చేయరు. కెనడాలోని మానిటోబాలో రెడ్‌సైడెడ్ గార్టర్ పాములు చలికాలమంతా నేల కింది బిలాల్లో ఉండి, వసంతంలో వేలకొద్దీ బయటికొచ్చి వెంటనే జతకడతాయి. ఆ సమయంలో మగపాము వృషణం కోసి చూస్తే శుక్రకణాల తయారీ ఏమీ ఉండదు, ముడుచుకుని ఉంటుంది. కిందటి వేసవిలో తయారుచేసి శుక్రవాహికలో దాచుకున్న సరుకుతోనే పని నడుస్తుంది. అమెరికా చెరువుల్లోని స్లైడర్ తాబేలు కూడా వేసవిలో తయారుచేసి, ఎపిడిడిమిస్‌లో దాచి, మరుసటి వసంతంలో వాడుకుంటుంది. అందుకే ‘వృషణం ఖాళీగా ఉంది, కాబట్టి ఇది జతకట్టే కాలం కాదు’ అని రికార్డులో రాసేయకండి. తొండకు చెల్లొచ్చు, గార్టర్ పాముకు చెల్లదు.

ఉష్ణప్రాంతాల్లో ఏడాదంతా ఆగకుండా తయారుచేసేవీ ఉన్నాయి. జావాలో ఇంటి బల్లి హెమిడాక్టిలస్ ఫ్రెనేటస్ అలాంటిదే. అప్పుడైనా ఎలుకలాంటి స్టేజీలు కనిపించాలి కదా అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపించింది. మెక్సికో కొండల్లోని సెలోపోరస్ బైకాంథాలిస్ అనే ఏడాది పొడవునా తయారుచేసే తొండను గ్రిబిన్స్ బృందం 2011లో పరిశీలించి, అందులోనూ కణాలు జట్టుగానే ముందుకు సాగుతున్నాయని, ఎలుక జోడీలు లేవని తేల్చింది. అంటే ఇది చలికీ ఎండకీ కుదిరిన ఏర్పాటు మాత్రమే కాదు, ఈ వంశాల్లో లోతుగా నాటుకున్న పద్ధతి.

మీ స్లైడు కాలం పట్టుకోవాలంటే రెండు అవకాశాల మధ్య తేల్చాలి: రుతువుకు ముందు పెరుగుతున్న వృషణమా, రుతువు అయిపోయి ముడుచుకుంటున్న వృషణమా? రెండింట్లోనూ తోకలు లేకపోవచ్చు.

ముడుచుకుంటున్నదైతే నాళికలు సన్నబడతాయి, చుట్టూ పొర దళసరిగా, ముడతలుగా కనిపిస్తుంది. మధ్యలో ఊడిపోయిన కణాల చెత్త, అక్కడక్కడా ఒంటరిగా మిగిలిన శుక్రకణాలు ఉండొచ్చు. సర్టోలి కణాల నిండా గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. అవి ఖాళీలు కావు, కొవ్వు బొట్లు. పారఫిన్ స్లైడు చేసేటప్పుడు ఆల్కహాలు, జైలీన్‌లో కొవ్వు కరిగిపోయి గుంట మిగులుతుంది. కొవ్వును చూడాలంటే గడ్డకట్టించి కోసి సుడాన్ రంగు వేయాలి. హాంగ్‌కాంగ్ నాగుపాముల వృషణంలో కాలాన్ని బట్టి ఈ మార్పులు ఎలా వస్తాయో లోఫ్ట్స్ బృందం 1966లోనే రాసింది. కాబట్టి ‘ఖాళీలున్నాయి, ఫిక్సేషన్ చెడింది’ అని తొందరపడొద్దు. నిజంగా ఫిక్సేషన్ చెడితే లోపం సర్టోలి కణాలకే పరిమితం కాదు. అన్ని కణాల కేంద్రకాలూ నల్లగా ముడుచుకుని, గోడ మొత్తం ఆధార పొర నుంచి ఊడి వచ్చి, లీడిగ్ కణాలు కూడా చెదిరి ఉంటాయి.

పెరుగుతున్న వృషణమైతే నాళికలు దిట్టంగా ఉంటాయి, స్పెర్మటోసైట్ల వరసలు చక్కగా ఉంటాయి, విభజన బొమ్మలు దొరుకుతాయి, మధ్య ఖాళీ చిన్నదిగానో అసలు తెరుచుకోకుండానో ఉంటుంది. మీరు రాసిన వర్ణన దీనికే దగ్గరగా ఉంది. తొండ విషయంలో అది రుతువు మొదలయ్యే ముందు వారాల జంతువై ఉండాలి.

ఇంకో ఆధారం కూడా ఉంది, దీన్ని ఎవరూ వాడుకోరు. అదే పెట్టెలో ‘తొండ మూత్రపిండం’ స్లైడు ఉంటే తీయండి. మగ తొండల్లో, బల్లుల్లో, పాముల్లో మూత్రపిండ నాళికల చివరి భాగం ఒకటి టెస్టోస్టిరాన్ పెరిగినప్పుడు ఉబ్బి, గింజల్లాంటి స్రావంతో నిండుతుంది. దాన్నే లైంగిక ఖండం అంటారు. మిగతా నాళికల కంటే రెట్టింపు లావుగా, పొడవాటి కణాలతో, ఇయోసిన్ రంగు పట్టిన గింజలతో కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ జంతువు రుతువులో ఉన్నట్టే. కాకపోతే రెండు స్లైడ్లూ ఒకే జంతువువని ఎక్కడా రాసి ఉండకపోతే ఈ ఆధారాన్ని గట్టిగా పట్టుకోకండి.

రికార్డులో ఏం రాయాలని కూడా అడిగారు. ఉన్నదే గీయండి. స్పెర్మటోగోనియా, సర్టోలి కేంద్రకాలు, పాకిటీన్ స్పెర్మటోసైట్లు, దొరికితే మెటాఫేజ్, లీడిగ్ కణాలు. కింద ఒక వాక్యం: ‘శుక్రకణాలు లేవు; సరీసృపాల్లో శుక్రజననం రుతువును బట్టి ఒకే జట్టుగా సాగుతుంది కాబట్టి ఇది ఆ చక్రంలోని స్పెర్మటోసైట్ల దశ’. పక్కన ఎలుక బొమ్మ పెట్టి పోల్చి చూపిస్తే ఇంకా మంచిది. అడిగేవారికి విషయం తెలిసుంటే సంతోషిస్తారు, తెలియకపోతే మీరే చెప్పండి.

ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. తక్కువ పవరు లెన్సులో స్లైడు అంచులన్నీ ఒకసారి తిరిగి రండి. వృషణంతోపాటు ఎపిడిడిమిస్ ముక్క కూడా కోతలో వచ్చే అవకాశం ఎక్కువ, వృషణాన్ని చుట్టి ఉండే తెల్ల పొర బయట ఒకే వరస కణాలతో గొట్టాల్లా కనిపిస్తుంది. ఆ గొట్టాల్లో శుక్రకణాల గుత్తులు ఉండి, వృషణంలో లేకపోతే, పంట ఇంటికి చేరిపోయిందని, మీది రుతువు ముగిసిన జంతువని అర్థం. నేను పైన వేసిన అంచనా తప్పన్నమాట. గొట్టాలు ఖాళీగా, కణాలు పొట్టిగా ఉంటే పంట ఇంకా రాలేదని. ఏది కనిపించిందో ఇక్కడే రాయండి, వీలైతే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టండి.